ఫోను మోగితే సరిపోదు: కోనసీమలో వీడియో, వాయిస్ పరికరాల పరస్పర పరీక్షలో నా అనుభవం

రెండు పరికరాలు ఒకే ప్రమాణాన్ని పాటిస్తున్నాయని వాటి పత్రాల్లో రాసి ఉన్నంత మాత్రాన, వాటిని కలిపిన రోజున అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయన్న భరోసా ఏమీ లేదు. అమలాపురంలోని ఒక ఆసుపత్రిని వైనతేయ, వసిష్ఠ పాయల వెంబడి ఉన్న లంక గ్రామాల ఆరోగ్య కేంద్రాలతో వీడియో ద్వారా కలిపే పనిలో, పరికరాల పరస్పర పరీక్ష బాధ్యతను నాకు అప్పగించారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఇంటరాప్ టెస్టింగ్ అని పిలిచే ఈ పని గురించి తెలుగులో చదవడానికి నాకు పెద్దగా ఏమీ దొరకలేదు. అందుకే మేము ఏం చేశామో, ఎక్కడెక్కడ చిక్కులు తగిలాయో కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ ఏర్పాటు ఎందుకు అవసరమో డెల్టాలో పుట్టి పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా గోదావరి ఎప్పుడు పొంగినా లంకలకు వెళ్లే కాజ్‌వేలు మునిగిపోతాయి, పడవ తప్ప వేరే దారి ఉండదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో నీరు ఆ మట్టాన్ని కూడా దాటింది, 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్లింది. అలాంటి రోజున లంకలో ఒక నిండు గర్భిణికి బీపీ పెరిగితే, ఆమెను పడవ ఎక్కించి ఏరు దాటించాలా, లేక అక్కడే మందు వేసి కనిపెట్టుకుని ఉండాలా అన్నది డాక్టరు ఆమెను చూసి, ఆమెతో మాట్లాడి తేల్చవలసిన విషయం. ఆ సంభాషణ మధ్యలో తెగిపోకూడదు. ఈ పరీక్షలను ఉత్త సాంకేతికమైన పనిగా నేను ఎన్నడూ చూడలేకపోయాను.

ఆసుపత్రి సమావేశ గదిలో ఎప్పుడో కొన్న వీడియో కాన్ఫరెన్సు యంత్రం ఒకటి ఉంది. దాని కెమెరా, మైకులు ఇప్పటికీ చాలా బాగున్నాయి కనుక దాన్ని పక్కన పెట్టవలసిన అవసరం కనబడలేదు. డాక్టర్ల గదుల్లోనూ గ్రామ కేంద్రాల్లోనూ ఐపీ ఫోన్లు, అంటే మాటను కంప్యూటర్ నెట్‌వర్క్ మీద మోసే ఫోన్లు, ఉన్నాయి. ఏఎన్‌ఎంల చేతుల్లో ఉన్నవి ట్యాబ్‌లు, వాటిలో బ్రౌజర్ తెరిచి కాల్ చేయాలి. ఈ మూడూ మూడు తరాలకు చెందినవి. పాత యంత్రం పుట్టుకకు మూలమైన హెచ్.323 అనే వీడియో కాల్ ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) 1996లో ఆమోదించింది. ఫోన్లు వాడే ఎస్‌ఐపీ, అంటే కాల్‌ను కలిపి ముగించే సందేశాల పద్ధతి, 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2543 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం)గా వెలువడి, 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3261గా స్థిరపడింది. బ్రౌజర్‌లోనే కాల్ నడిపే వెబ్‌ఆర్‌టీసీని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2021 జనవరిలో పూర్తి స్థాయి సిఫార్సుగా ప్రకటించింది. పాత యంత్రానికి హెచ్.323తో పాటు ఎస్‌ఐపీ కూడా తెలుసు కాబట్టి, అన్నిటి నడుమ ఒక గేట్‌వే సర్వర్‌ను పెట్టి దాని చేత దుబాసీ పని చేయించాలని నిర్ణయించారు.

కోడెక్‌ల విషయం, అంటే మాటనూ చిత్రాన్నీ కుదించి పంపి అవతల తిరిగి విప్పే పద్ధతుల విషయం, చూద్దాం. ప్రతి బ్రౌజరూ తప్పనిసరిగా మోయవలసిన వీడియో కోడెక్ ఏదన్న దాని మీద చాలాకాలం వాదన జరిగి, చివరకు వీపీ8, హెచ్.264 రెండూ ఉండాలని 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7742 తేల్చింది. ఆడియోకు ఓపస్, జీ.711 తప్పనిసరి. మా పాత యంత్రానికి హెచ్.264, జీ.711, జీ.722 తెలుసు గానీ వీపీ8, ఓపస్ తెలియవు. హెచ్.264, జీ.711 రెండు వైపులా ఉన్నాయి కాబట్టి కాగితం మీద పొత్తు కుదిరినట్టే కనిపిస్తుంది. అయితే వెబ్‌ఆర్‌టీసీలో ఎన్‌క్రిప్షన్ లేని, అంటే రహస్య రూపంలోకి మార్చని, మాటకు చోటు లేదు, దాన్ని విప్పే తాళాల్లాంటి కీలను కూడా డీటీఎల్‌ఎస్ అనే పద్ధతిలోనే మార్చుకోవాలి, పాత యంత్రానికి ఆ పద్ధతి తెలియదు. హెచ్.264 అన్న ఒక్క పేరు కిందనే ప్రొఫైళ్లు వేరు, లెవెళ్లు వేరు, చిత్రాన్ని ప్యాకెట్లుగా కోసే పద్ధతులు వేరు. బ్రౌజర్ ప్యాకెటైజేషన్ మోడ్ 1 అని స్పష్టంగా చెబుతుంది. అవతలి పరికరం ఏమీ చెప్పకుండా ఊరుకుంటే దానికి మోడ్ 0 అని అర్థం. ప్రమాణం ప్రకారం చూస్తే ఇద్దరిదీ ఒప్పే అయినా, వారి మధ్య కాల్ మాత్రం నడవని పరిస్థితి ఇలాంటి చోట్లనే మొదలవుతుంది.

ఎస్‌ఐపీని రూపొందించినవారికి తొలినాళ్లలోనే ఈ సంగతి తెలుసు. 1999 ఏప్రిల్‌లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో తయారీదారులు తమ తమ పరికరాలను పట్టుకొచ్చి, ఒకే నెట్‌వర్క్‌లో పెట్టి, ఒకదానికొకటి కలిపి చూసుకున్నారు. ఆ సమావేశాలే తర్వాత సిపిట్ పేరుతో కొనసాగాయి. యూరప్‌లో టెలికాం ప్రమాణాల సంస్థ ఎట్సీ ప్లగ్‌టెస్టుల పేరుతో ఇదే పని చేయిస్తుంది. అక్కడ పోటీదారులైన ఇంజనీర్లు పక్కపక్కన కూర్చుని ఒకరి సందేశాలు ఒకరు చదువుకుంటారు. మేము ఒక చిన్న గదిలో చేసినదీ అదే పద్ధతి.

ముందుగా ఒక పట్టిక వేసుకున్నాము. ప్రతి పరికరాన్నీ మిగతా ప్రతి పరికరంతోనూ జత కట్టి, ప్రతి జతనూ రెండు దిశల్లో పరీక్షించాలి. ఎవరు ఎవరికి కాల్ చేశారన్నది చాలా ముఖ్యం. ట్యాబ్ నుంచి యంత్రానికి చేసిన కాల్ చక్కగా నడిచి, యంత్రం నుంచి ట్యాబ్‌కు చేసినది నడవకపోవచ్చు, ఎందుకంటే మొదట ప్రతిపాదన పెట్టేవారు మారితే కోడెక్‌ల వరుస కూడా మారుతుంది. కాల్ కలిశాక హోల్డులో పెట్టడం, తిరిగి తీసుకోవడం, మాటతో మొదలైన కాల్‌కు మధ్యలో వీడియో చేర్చడం, వేరే డాక్టరుకు బదిలీ చేయడం, ఒకసారి ఈ వైపు నుంచీ ఒకసారి ఆ వైపు నుంచీ ముగించడం, ఇవన్నీ చూడాలి. ఒక కాల్‌ను అరగంటకు పైగా అలాగే వదిలేయాలి. ఆర్‌ఎఫ్‌సీ 4028 ప్రకారం సెషన్ గడువు మామూలుగా 1,800 సెకన్లు, ఆలోపు ఎవరో ఒకరు దాన్ని పునరుద్ధరించకపోతే కాల్ తెగుతుంది. రెండు చివర్లలోనూ ఒకే సమయంలో, నెట్‌వర్క్‌లో నడిచే సందేశాలను పట్టి చూపే వైర్‌షార్క్‌తో ప్యాకెట్లు పట్టాలని (దీన్నే క్యాప్చర్ అంటారు), రెండు కంప్యూటర్ల గడియారాలూ ముందే సరిచేసి ఉంచాలని నేను మొదటి నుంచీ పట్టుబట్టాను. ఒక చివరనే పట్టిన క్యాప్చర్ చూసి చేసే వాదన ఎటూ తేలదు.

మాకు తగిలిన గట్టి చిక్కుల్లో మొదటిది 32 సెకన్లది. ఆసుపత్రి నుంచి ఒక కేంద్రంలోని ఐపీ ఫోనుకు కాల్ చేస్తే అవతల ఎత్తుతారు, రెండు వైపులా మాట స్పష్టంగా వినబడుతుంది, అర నిమిషం దాటగానే కాల్ తెగిపోతుంది. "డాక్టరు గారే పెట్టేశారేమో అనుకున్నానండి" అని అక్కడి సిస్టర్ గారు చెప్పారు. డాక్టరు గారు ఆవిడే పెట్టేసిందనుకున్నారు. లంకలో లైను బాగోదన్న అభిప్రాయం అందరికీ ముందే ఉంది కాబట్టి నెపం లైను మీదకు పోయింది. లైను బాగోకపోతే కాల్ ఒకసారి 10 సెకన్లకూ ఇంకోసారి 3 నిమిషాలకూ తెగాలి గానీ, ప్రతిసారీ ఒకే చోట తెగదు.

ఎస్‌ఐపీతో పని చేసేవారికి 32 అన్న అంకె చూడగానే అనుమానం ఎటు వెళ్లాలో తెలుస్తుంది. కాల్ ఎత్తిన ఫోను "200 ఓకే" అన్న సందేశం పంపుతుంది, కాల్ చేసినవైపు నుంచి దానికి "ఏసీకే", అంటే అందిందన్న జవాబు, రావాలి. అది రాకపోతే ఎత్తిన ఫోను అదే సందేశాన్ని అర సెకను, ఒక సెకను, రెండు సెకన్లు, నాలుగు సెకన్ల ఎడంతో మళ్లీ మళ్లీ పంపుతుంది. అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు గడిచినా జవాబు లేకపోతే ఇక కాల్‌ను తెంపేస్తుంది. క్యాప్చర్ తెరిచి చూస్తే వరుసగా అవే సందేశాలు కనబడ్డాయి. వాటిలో "కాంటాక్ట్" అన్న వరుసలో 192.168తో మొదలయ్యే చిరునామా ఉంది. అది ఆ కేంద్రం గోడలు దాటితే చెల్లని చిరునామా. ఆసుపత్రి నుంచి ఏసీకే ఆ చిరునామాకు బయలుదేరి ఎక్కడికీ చేరడం లేదు. మాట నడిచే చిరునామాను మాత్రం కేంద్రంలోని రౌటర్ సరిగ్గా మార్చి పంపుతోంది, అందుకే ఆ కాసేపూ మాట వినబడుతోంది. ఎస్‌ఐపీకి సాయపడడానికని రౌటర్లలో ఏఎల్‌జీ అనే ఏర్పాటు ఒకటి ఉంటుంది, ఇక్కడ అది సందేశంలో కొంత దిద్ది కొంత వదిలేసింది. ఏఎల్‌జీని ఆపించి, సిగ్నలింగ్‌ను, అంటే కాల్ కలిపే సందేశాలను, టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీదకు మార్చి, సందేశాలన్నీ సర్వర్ మీదుగానే నడిచేలా చేశాక ఆ చిక్కు విడిపోయింది. టీఎల్‌ఎస్‌లో సందేశం మూసి ఉంటుంది కనుక దారిలోని రౌటర్ దాన్ని చదవడమూ దిద్దడమూ సాధ్యం కాదు.

దీని తర్వాతిది ఇంకో రకం. మరో కేంద్రానికి ఆసుపత్రి యంత్రం నుంచి మాట మాత్రమే ఉన్న కాల్ వెళ్తుంది, వీడియో కాల్ మాత్రం అసలు మోగదు. అక్కడివారికి కాల్ వచ్చిన సంగతే తెలియదు. పాత యంత్రం వీడియో కాల్ మొదలుపెట్టేటప్పుడు తనకు తెలిసిన కోడెక్‌లన్నిటినీ వివరాలతో సహా ఏకరువు పెడుతుంది, దానితో ఆ తొలి సందేశం 1,500 బైట్లు దాటిపోతుంది. అందిందో లేదో చూసుకోని యూడీపీ అనే రవాణా పద్ధతి మీద అంత పెద్ద సందేశం రెండు ముక్కలై ప్రయాణిస్తుంది. ఆ కేంద్రానికి వెళ్లే దారిలో రాకపోకలను వడకట్టే ఒక ఫైర్‌వాల్ రెండో ముక్కను పడేస్తోంది. దారి ఎంత పెద్ద ప్యాకెట్‌ను మోయగలదో తెలియనప్పుడు 1,300 బైట్లు మించిన సందేశాన్ని, అందిందని నిర్ధారించుకునే టీసీపీ వంటి రవాణా మీద పంపాలని ఆర్‌ఎఫ్‌సీ 3261 స్పష్టంగా చెప్పింది, పాత యంత్రం ఆ నియమాన్ని పట్టించుకోలేదు. వాడని కోడెక్‌లను జాబితాలోంచి తీసేసి, రవాణాను టీసీపీకి మార్చాము. ఆ రోజు సాయంత్రమే కాల్ మోగింది.

చిత్రం విషయంలో అన్నిటికంటే ఎక్కువ ఓపిక పట్టవలసి వచ్చింది. ట్యాబ్ నుంచి ఒక డాక్టరుకు వచ్చిన కాల్‌ను సమావేశ గదిలోని యంత్రానికి బదిలీ చేస్తే, తెర మీద బూడిదరంగు మరక తప్ప మనిషి కనబడరు. "మీ బొమ్మ మాకు బానే కనబడతందండి, మా బొమ్మ మీకు రావట్లేదా అండి?" అని సిస్టర్ గారు ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పుతూ అడుగుతున్నారు. హెచ్.264 చిత్రంలో చాలా ఫ్రేములు ముందటి ఫ్రేముతో పోల్చి మారిన భాగాన్ని మాత్రమే మోసుకొస్తాయి. మధ్యలో వచ్చి చేరినవారికి ఒక పూర్తి ఫ్రేము, అంటే కీఫ్రేము, అందితే గాని బొమ్మ ఏర్పడదు. పాత యంత్రం ఆ కీఫ్రేము కావాలని అడుగుతూనే ఉంది, కాకపోతే ఆర్‌ఎఫ్‌సీ 5168లో చెప్పిన పాత పద్ధతిలో, ఎస్‌ఐపీ సందేశం లోపల ఎక్స్‌ఎంఎల్ అనే రాత రూపంలో ఒక ముక్కగా అడుగుతోంది. బ్రౌజర్‌కు అర్థమయ్యేది ఆర్‌టీసీపీలో, అంటే మాట, చిత్రాల వెంట నడిచే నియంత్రణ సందేశాల్లో, వచ్చే పీఎల్‌ఐ, ఎఫ్‌ఐఆర్ అన్న సంకేతాలు. గేట్‌వే ఆ ఎక్స్‌ఎంఎల్ సందేశం అందుకుని "200 ఓకే" అని మర్యాదగా జవాబిస్తోంది గానీ, దాన్ని మార్చి బ్రౌజర్‌కు చేరవేయడం లేదు. అడగనిదే బ్రౌజర్ కీఫ్రేములను చాలా అరుదుగా పంపుతుంది.

ఇక్కడ మూడు సంస్థలతో మాట్లాడవలసి వచ్చింది, ప్రతి సంస్థా తన పరికరం ప్రమాణాన్ని పాటిస్తోందనే చెప్పింది. అందరినీ ఒకే కాల్‌లోకి పిలిచి, రెండు చివర్ల క్యాప్చర్లనూ తెర మీద పక్కపక్కన పెట్టి, సందేశం ఎక్కడ ఆగిపోతోందో చూపించాము. తప్పెవరిదన్న చర్చ ఆగి, ఎవరు ఏం మార్చగలరన్న చర్చ మొదలైంది. తాత్కాలికంగా గేట్‌వే తానే కొన్ని సెకన్లకోసారి కీఫ్రేము అడిగేలా పెట్టారు, దానివల్ల బ్యాండ్‌విడ్త్ ఖర్చు పెరిగింది. తర్వాత ఆ సంకేతాన్ని సరిగ్గా మార్చే వెర్షన్ ఇచ్చారు.

ఈ మూడు చిక్కులూ తీరాక పట్టికలో దాదాపు అన్ని గడులూ నిండాయి. కానీ పట్టికలో లేని ఒక లోపాన్ని డాక్టరు గారు పట్టుకున్నారు. కొన్ని కేంద్రాల్లో ట్యాబ్‌కు కలిపే ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు ఉంది. "మాట బ్రహ్మాండంగా ఉంది, గుండె చప్పుడు మాత్రం అసలు లేదు" అన్నారు ఆవిడ. 1972 నాటి జీ.711 సెకనుకు 8,000 నమూనాలు తీసుకుంటుంది, టెలిఫోను మాటకు పెట్టుకున్న హద్దు సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్. మనిషి మాట అర్థం కావడానికి అది చాలు. గుండె శబ్దాల బలమంతా ఎక్కువగా 150 హెర్ట్జ్‌కు దిగువన ఉంటుంది కనుక ఫోను దారిలో అవి వడకట్టుకుపోతాయి. పైగా బ్రౌజర్ తనంతట తాను చేసే నాయిస్ సప్రెషన్ ఆ లబ్‌డబ్‌ను ఫ్యాను రొదతో జమకట్టి తీసేస్తుంది. సాంకేతికంగా కాల్ నడిచింది, కోడెక్ కుదిరింది, ప్యాకెట్లు పోలేదు, అయినా వైద్యానికి పనికిరాలేదు.

స్టెతస్కోపు శబ్దానికి ఎకో క్యాన్సలేషన్, నాయిస్ సప్రెషన్, ఆటో గెయిన్ మూడింటినీ ఆపి, ఓపస్‌లో విడిగా పంపి, డాక్టరు డెస్క్ ఫోనులో కాక కంప్యూటర్ బ్రౌజర్‌లో మంచి హెడ్‌ఫోన్లతో వినేలా మార్చాము. అదే స్టెతస్కోపును ఆసుపత్రిలో ఒకరి ఛాతీ మీద పెట్టి, నేరుగా ఒకసారి, వీడియో దారిలో ఒకసారి విని, తేడా లేదని ఆవిడ ఒప్పుకున్నాకే ఆ గడిని నింపాము. ఇలాంటి వ్యవస్థల పరీక్షలో చివరి సంతకం ఇంజనీరుది కాక వాడేవారిది కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ల్యాబ్‌లో నెగ్గిన జతలను లంక లైనులాంటి లైను మీద మళ్లీ పరీక్షించాము. లినక్స్‌లోని నెట్‌ఎమ్ అనే సాధనంతో ప్యాకెట్లు కావాలని పోగొట్టి, ఆలస్యం కలిపి చూశాము. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని, 400 దాటకూడదని ఐటీయూ జీ.114 సిఫార్సు చెబుతుంది. 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్ చొప్పున జీ.711 మాటకు హెడర్లతో (ప్యాకెట్ల మీది చిరునామా వివరాలతో) కలిపి సెకనుకు 80 కిలోబిట్లు కావాలి, ఓపస్ అంతకంటే చాలా తక్కువలో మంచి మాట ఇస్తుంది, పోయిన ప్యాకెట్‌లోని మాటను తర్వాతి ప్యాకెట్‌లోంచి కొంతవరకు తిరిగి కూర్చగలదు. అందువల్ల ట్యాబ్ నుంచి గేట్‌వే దాకా, అంటే బలహీనమైన లైను మీద, ఓపస్‌నే ఉంచి, ఆసుపత్రి లోపల మాత్రమే జీ.711కు మార్చాము. లైను క్షీణించినప్పుడు చిత్రం నాణ్యత ముందు తగ్గాలి, ఆ తర్వాత చిత్రం ఆగిపోవాలి, మాట మాత్రం ఆఖరి దాకా నిలవాలి. బొమ్మ లేకపోయినా డాక్టరు ప్రశ్నలు అడగగలరు, మాట లేకపోతే ఏమీ చేయలేరు. ఇది మా పరీక్షల్లో నేను ఎవరితోనూ రాజీపడని అంశం.

ఆడియోను గేట్‌వే మార్చి పంపుతుంటే, వీడియో మార్పు లేకుండా దాటిపోతుండడంతో పెదవికీ మాటకూ పొంతన తప్పింది. మాట చిత్రం కంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందు వచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా మనిషి గమనిస్తాడని ఐటీయూ ప్రసార సిఫార్సులో ఉంది. ఆర్‌టీసీపీ నివేదికల్లోని సమయాలను గేట్‌వే సరిగ్గా తిరగరాసేలా చేశాక అది సర్దుకుంది.

కేంద్రాల్లోని గదులు ల్యాబ్‌లాగా ఉండవు. నేల మీద టైల్స్, తల మీద గిరగిరా తిరిగే ఫ్యాను, కిటికీ బయట ఇంజను పడవల మోత. ఒక కేంద్రంలో పెద్దావిడ ఒకరు ట్యాబ్ ముందు కూర్చుని, "బాబూ, నా మాటే నాకు తిరిగొస్తంది, ఆవిడేం అడిగిందో తెలవట్లేదు" అన్నారు. ఆమె గొంతు ఆసుపత్రి గదిలోని స్పీకర్లలోంచి మైకుల్లోకి దూరి తిరిగి వస్తోంది. సమావేశ గది యంత్రంలోని ఎకో క్యాన్సలర్‌ను తిరిగి సరిచేసి, ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు ఎవరి మాటా కత్తిరించుకుపోకుండా ఉండేదాకా సర్దాము. ఆ పరీక్షకు ఇంజనీర్లు కాక అక్కడి పెద్దవాళ్లే మాట్లాడాలని కోరాము, ఎందుకంటే మేము ఒకరి తర్వాత ఒకరం ఆగి మాట్లాడతాము, వాళ్లు అలా ఆగరు.

ఇప్పుడు కేంద్రాల నుంచి ఆసుపత్రికి మాట, చిత్రం, గుండె శబ్దం నిలకడగా చేరుతున్నాయి. ఈసీజీ కాగితాన్ని రెండో చిత్రంగా సమావేశ గది తెర మీదకు పంపడం మాత్రం ఇంకా కుదరలేదు. హెచ్.323 పరికరాలు దానికి హెచ్.239 అనే పద్ధతి వాడతాయి, ఎస్‌ఐపీ వైపు బీఎఫ్‌సీపీ అనే వేరే పద్ధతి ఉంది, బ్రౌజర్ ఇంకో వీడియో ట్రాక్‌గా పంపుతుంది, గేట్‌వే ఈ మూడింటినీ కలపడం లేదు. అది తేలేదాకా ఈసీజీని ఫొటో తీసి ఫైలుగా పంపాలని సిస్టర్లకు చెప్పాము, డాక్టర్లకు అది సరిపోతోంది. క్రోమ్ బ్రౌజర్‌కు కొన్ని వారాలకోసారి కొత్త వెర్షన్ విడుదలవుతోంది కాబట్టి నిన్న నెగ్గిన జత రేపు నెగ్గాలని లేదు. ముఖ్యమైన వరుసలను రాత్రిపూట యంత్రమే నడిపి, తెల్లారేసరికి ఫలితం ఇచ్చేలా స్క్రిప్టులు రాసిపెట్టాము. పట్టిక మొత్తాన్ని మాత్రం ఏటా వరదల కాలానికి ముందు, జూన్ మొదటి వారంలో, లంక కేంద్రాల నుంచే మనుషులు కూర్చుని మళ్లీ నడపాలని ఆసుపత్రి వారితో ఒప్పంద పత్రంలో రాయించుకున్నాము.